పంతొమ్మిది టిక్కులు

పాలగిన్నె పొయ్యి మీద ఉన్నా అమ్మ చెవులు మాత్రం కూతురి గదివైపే ఉన్నాయి. ఆరు నెలల క్రితం కూతురు హెడ్‌మిస్ట్రెస్ అయినప్పుడు కనబడిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయింది ఆవిడే. ఆ మర్నాటి నుంచీ నిద్ర కరువైందీ ఆవిడకే. కుర్చీ ఎంత ఎత్తయితే పడినప్పుడు దెబ్బ అంత గట్టిగా తగులుతుందని ఆవిడ నమ్మకం.

"పాలు పొంగుతున్నాయి, నీ దిగుల్లాగా!" అన్నాడు నాన్న పేపరు వెనక నుంచి.

అమ్మ ఉలిక్కిపడి స్టవ్ ఆపింది. ఆయనకేం, ఆయన వినలేదు. నిన్న సాయంత్రం పై అధికారి ఫోన్ చేసినప్పుడు కూతురు స్పీకరు పెట్టి, జవాబు పత్రాలు సర్దుకుంటూ మాట్లాడింది. "మిగతా బళ్లన్నీ నూటికి తొంభై చూపించాయి మేడమ్. మూడో తరగతిలో సగం మందికి చదవడం రాదని మీరొక్కరే రాస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? రేపు తొమ్మిదిలోపు జాబితా మార్చి ఎక్కించండి. లేదంటే ఆ కుర్చీలో ఇంకొకర్ని చూసుకుంటాం" అన్నాడాయన.

"ఫోటోలు పంపు, లెక్కలు పంపు, పంపినట్టు మళ్లీ ఫోటో పంపు. ఇక పాఠం చెప్పేదెప్పుడు?" అని ఫోన్ పెట్టేశాక కూతురు గోడతో అంది. పెన్సిలుతో గుర్తులు పెట్టిన జాబితాని బల్లమీదే వదిలేసి, తినకుండా పడుకుంది.

ఆ అధికారి మాటలు అమ్మ గుండెలో ముల్లులా దిగాయి. పాలు పెట్టకముందే, తెల్లవారుతుండగా లేచింది. బల్లమీద నలభై మంది పేర్లు. ఇరవై ఒక్కరికి టిక్కు, పంతొమ్మిది మందికి ఇంటూ. అమ్మ రబ్బరు తీసుకుని ఆ పంతొమ్మిది ఇంటూలూ చెరిపి, పొందిగ్గా టిక్కులు పెట్టింది.

"అమ్మా! ఈ జాబితా ఎవరు ముట్టుకున్నారు?"

కేక విని నాన్న పేపరు దించాడు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేనే బుజ్జీ. నీ మంచికే. ఆయనగారు అన్న మాటలు విన్నాను. నిన్ను ఏ మారుమూలకో పారేస్తే ఏం చేస్తావు? అందరూ పెట్టినట్టే మనమూ పెడితే ఎవరి సొమ్మేం పోయింది?"

"పిల్లల సొమ్ము పోయింది! ఇంటూ పడిన వాళ్లకే రోజూ గంటసేపు విడిగా చదివించడానికి ఇంకో టీచర్ని ఇస్తారు. నీ టిక్కుతో ఆ గంట పోతుంది. పైనున్న వాళ్లు చాలక ఇంట్లో నువ్వొకదానివి తయారయ్యావా నాకు?"

"అంతలేసి మాటలెందుకే!" అన్నాడు నాన్న.

"అనకేం చేయను నాన్నా? పదిహేడో నంబరు పిల్లకి పుస్తకం ఇచ్చాను. గడగడా చదివేసింది. శభాష్ అనబోయి చూద్దును కదా, తెరిచిన పేజీలో ఉన్నది వేరే పాఠం. పక్కవాళ్లు చదువుతుంటే విని కంఠతా పట్టింది. ఒక్క అక్షరం రాదు. ఎవరైనా కనిపెడతారేమోనని నా కళ్లలోకే చూస్తోంది."

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నన్నూ అట్లాగే దాటించారే," అంది మెల్లగా. "ఐదో తరగతి దాకా వినికిడి మీదే లాక్కొచ్చాను. టీచరమ్మ మంచిది పాపం, ప్రతి ఏడూ పాసని రాసేది. మీ నాన్న బయటూరు నుంచి ఉత్తరం రాస్తే, కళ్లు మంటలని చెప్పి పక్కింటావిడతో చదివించుకున్నాను."

నాన్న చేతిలో పేపరు ముడతలు పడింది. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? సిగ్గు. దీన్ని ఒకటో తరగతిలో వేసినప్పుడు, హోంవర్క్ చేయిస్తున్నట్టు పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు."

కూతురి కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. 'అది మళ్లీ చదువు, సరిగ్గా వినబడలేదు' అని అప్పట్లో అమ్మ రోజూ అడిగేది. తను విసుక్కునేది. ఇన్నేళ్లకి అర్థమై కళ్లు నిండాయి.

"ఇలా ఇయ్యి," అని అమ్మ జాబితా లాక్కుంది. తను పెట్టిన ఒక్కో టిక్కూ చెరుపుతుంటే కన్నీళ్లు కాగితం మీద పడకుండా ముఖం పక్కకి తిప్పుకుంది. పంతొమ్మిదీ చెరిపాక పెన్సిలు కూతురికిచ్చింది. "నువ్వే పెట్టు. నీకు తెలుసు."

కూతురు ఇంటూలు పెట్టి, వాటి మీద పెన్నుతో దిద్ది, సంతకం చేసి, ఫోన్‌లో ఎక్కించింది. ఐదు నిమిషాలైనా కాకముందే అధికారి నంబరు మోగింది.

"అవును సార్, పంతొమ్మిదే. మీరు వచ్చి ఒక్కొక్కరినీ చదివించి చూడండి."

అవతలి గొంతు పెరిగింది. కూతురు చివరిదాకా విని ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నాడే?" అంది అమ్మ.

"బదిలీకి రాస్తానన్నాడు. అందరికంటే దూరపు బడికి."

అమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సరే వెళ్దాం. అక్కడా చదవడం రాని పిల్లలుంటారుగా," అంది ముక్కు చీదుకుంటూ. అంతలోనే మళ్లీ గాభరాగా, "బస్సు ఉంటుందంటావా అక్కడికి?"