ఆపరేషన్ చినుకు

"నంద్యాలలో విత్తనాల కోల్డ్ రూమ్ కాలిపోయింది, యోబూ. ప్రమాదం కాదు," అన్నాడు చీఫ్ సంజీవయ్య. "కే-17 కొర్ర ఇంక ఆళ్ళగడ్డ దారిలో ఒక్క మడిలోనే మిగిలింది. నీళ్ళు లేకున్నా పంటను బతికించే జన్యువు దాంట్లో ఉంది. రేపు వరిలో పెట్టొచ్చు, గోధుమలో పెట్టొచ్చు. విదేశీ ముఠా దానికోసమే దిగింది."

"పేటెంటా సార్?"

"ఊఁ. కంకులు కోసుకుని మడి కాల్చేస్తే ఇంక గింజ వాళ్ళదే. ఆ విత్తనమిచ్చిన రుద్రవరం బాలమ్మ తన గింజను తానే కొనుక్కోవాల. నువ్వు పిట్టలు తోలేవాడి వేషంలో పో. మన ఏజెంట్ వినీత ఆ మడికాడ సైంటిస్టుగా ఉంది. పని అయితే కోడ్ మాట: ‘వాన పడింది’."

కంకులు ముదిరిన రోజు మధ్యాహ్నం యోబు మోటారు గదిలో ఇరుక్కున్నాడు. "నీళ్ళు రాలేదు, కొంచెం చూడన్నా," అని పిలిచింది వినీతే. లోపల అడుగు పెట్టగానే వెనక గడియ పడింది.

రేకుల కప్పు. మే ఎండ. చిన్న ఊచల కిటికీ. కిటికీ అవతల నల్ల కళ్ళద్దాలు, చెమటకు చెదరని లిప్‌స్టిక్.

"గాలాడని గదంటే నీకు బయమంట గదా? ఫైల్లో ఉంది."

"ఎవరు రాసినారు?"

"నేనే." నవ్వింది. "ఉండేలు నీకాడే ఉండనీలేప్పా. పిట్టలు తోలుకో."

"ఇన్నాళ్ళు మాట్లాడిన సింగపూర్ ఇంగ్లీషు యాడ పోయింది?"

"పుట్టింది ఈడే గదా. యాడికి పోయినా నోరు ఇంటికొస్తాది."

ఆమె మడి వైపు నడిచింది. గోడలు దగ్గరికి జరిగాయి. నేల కింద జొన్నలు దాచే పాతరలోకి చిన్నప్పుడు దిగి, ఊపిరాడక పడిపోయినవాడు యోబు. ఎన్నేళ్ళయినా ఆ గొయ్యి అతనిలో పూడలేదు. అరవబోయాడు. పాతర పైనుంచి నాయన వేసిన కేక వినిపించింది: "నోరు మూసుకోరా! ఉన్న గాలి దాచుకో!"

మూసుకున్నాడు.

కిటికీలోంచి మడి కనబడుతోంది. అది కరువు పరీక్ష మడి. దానిమీద వాన పడకూడదు. స్తంభం మీద సెన్సర్ పళ్ళెం తడిస్తే సైరన్ మోగి, పట్టాల మీదున్న ప్లాస్టిక్ షెడ్డు ఉరికొచ్చి మడిని కప్పేస్తుంది. మొన్న పిట్ట రెట్ట పడినా కప్పేసింది. ఆఫీసు నుంచి మనిషి జీపులో వచ్చేదాకా తలుపులు తెరుచుకోలేదు.

వినీత కంకులు సంచిలో నింపింది. డబ్బాలోని పెట్రోలు చల్లుతూ మడి మధ్యకు నడిచింది.

యోబు దగ్గరున్న మట్టి ఉండలు రాళ్ళలా ఎండి ఉన్నాయి. నాలుక అంతకన్నా ఎండిపోయింది. ఎండ ముదిరితే కొర్ర ఆకు తన సన్నటి రంధ్రాలు మూసుకుని ఉన్న తడిని దాచుకుంటుంది. ఆ జన్యువు నేర్పేది అంతే. అతనూ పెదవులు బిగించాడు. చాలాసేపటికి నాలుక కింద కాస్త తడి చేరింది. ఉండను నోట్లో వేసుకుని, నానాక తీసి, ఉండేలు లాగాడు.

ఆమె లైటర్ తీసింది. ఉండ పళ్ళేనికి అతుక్కుంది.

సైరన్.

వినీత తలెత్తి ఆకాశం చూసింది. మబ్బు తునక కూడా లేదు. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళెవరూ వాన అన్న కబురుకు తలెత్తకుండా ఉండలేరు. యోబు గురి పెట్టింది పళ్ళేనికి కాదు, ఆ అలవాటుకు.

తల దించేసరికి షెడ్డు ఆమెను దాటింది. తలుపులు దభీమని పడ్డాయి. చుట్టూ పెట్రోలు, చేతిలో లైటర్. నిప్పు గీస్తే మొదట కాలేది తనే. లైటర్ జేబులో పెట్టుకుని ప్లాస్టిక్ గోడను గుద్దింది. మళ్ళీ గుద్దింది. తర్వాత రెండు చేతులూ గోడకు ఆనించి ఎగశ్వాస తీయసాగింది. కళ్ళద్దాలు ఎక్కడో పడిపోయాయి.

ఆ ఊపిరి యోబుకు తెలుసు. ఊచలు పట్టుకుని అరిచాడు: "నోరు మూసుకో వినీతమ్మా! ఉన్న గాలి దాచుకో!"

ఆమె అతనికేసి చూసింది. మూసుకుంది.

జీపు వచ్చింది. పోలీసులొచ్చారు. ఇద్దరి తలుపులూ తెరుచుకున్నాయి. కంకుల సంచి భద్రంగా బయటికొచ్చింది. ఎవరో యోబు చేతిలో ఫోన్ పెట్టారు.

"ఏమప్పా," అన్నాడు సంజీవయ్య, "వాన పడిందా?"

"పడింది సార్," అన్నాడు యోబు, నాలుక మీది మట్టి ఉమ్మేసి. "కాకుంటే ఎంగిలి చినుకు."