నీలి పగుళ్లు

మరుగుతున్న నీళ్లలో చీరను ముంచి తీసేసరికి మైనం కరిగి తెట్టులా పైకి తేలింది. మణిమాల దాన్ని గరిటెతో పక్కకు తీసి, చీరను చల్లటి నీళ్లలో జాడించింది. నీలి నేల మీద తెల్లని చేపలు బయటపడ్డాయి. రంగులో ముంచేముందు, చేపల బొమ్మలుగా పూసిన మైనాన్ని చేత్తో నలిపింది కాబట్టి, పగిలిన చోటల్లా రంగు దిగి, చేపల ఒంటి నిండా సన్నని నీలి గీతలు అల్లుకున్నాయి. ఆ గీతలు ఎటు పోతాయో వేసేవాళ్లకు కూడా తెలియదు. అందుకే ఆమెకు ఆ పని ఇష్టం.

"ఇంకా పూర్తవలేదా అక్కా?" అంటూ పక్కింటి నస్రీన్ వచ్చింది. చంకలో మూడేళ్ల జోయా. నస్రీన్ తొడుక్కున్న వన్నెబట్ట మీద పచ్చని చిలకలు రెక్కలాడిస్తున్నాయి. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ రేవుతిప్ప దీవిలోనే కాదు, దేశమంతా ఇప్పుడు వన్నెబట్టే. పొద్దున ఏ రంగు అడిగితే ఆ రంగు, ఏ బొమ్మ కోరితే ఆ బొమ్మ. జోయాకు చిలకలు కావాలి. చిలకలు లేకపోతే తల్లి దగ్గరికే రాదు.

"అడిగితే చాలు వచ్చే రంగుకి ఇన్నాళ్లు కష్టపడతావేంటక్కా?"

"అడక్కుండా వచ్చేదేదో ఉంటుంది కదమ్మా, దాని కోసం," అని మణిమాల నవ్వింది. ఆమె ఒంటరి మనిషి. కాలువ తలుపుల దగ్గర ఉద్యోగం, ఇంటికొస్తే ఈ అద్దకం.

జోయాను బడిలో దింపి నస్రీన్ చేపల కేంద్రానికి పనికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటుతుండగా, తుపాను దారి మార్చుకుని దీవి వైపు వస్తోందన్న హెచ్చరిక వచ్చింది. మరుక్షణం దీవిలోని ప్రతి ఒంటి మీదా వన్నెబట్ట నారింజ రంగుకు మారింది. దాన్ని ఆపద్వర్ణం అంటారు. గాలిలోంచి చూసే రక్షణ యంత్రాలకు మనుషులు దూరం నుంచే కనిపించాలని చేసిన ఏర్పాటు. ఆ మేరకు అది చక్కగా పనిచేసింది. తడి చీరను వదిలి వెళ్లలేక, మణిమాల దాన్ని భుజాన వేసుకుని ఆశ్రయ భవనానికి పరుగెత్తింది.

బడి పిల్లలను అప్పటికే అక్కడి పై అంతస్తుకు చేర్చారు. తల్లులు వానలో తడిసి ముద్దయి ఒక్కొక్కరే వస్తున్నారు. అందరివీ ఒకే రంగు బట్టలు, ఒకే రకం ముసుగులు. "జోయా!" అని నస్రీన్ చేతులు చాచింది. పాప ఆమెను చూసి జడుసుకుని, "అమ్మ కాదు! చిలకలు లేవు!" అంటూ గోడకు అతుక్కుపోయింది. నస్రీన్ ముసుగు తీసి, ముఖం తుడుచుకుని, దగ్గర కూర్చుని పాడితే గాని పాప గొంతు గుర్తుపట్టలేదు. చుట్టూ అదే గోల. పసివాళ్లు కనిపించిన నారింజ కొంగునల్లా పట్టుకుని, ముఖం చూసి మళ్లీ ఏడుస్తున్నారు.

అంతలో సహాయాధికారి ధర్మతేజ వచ్చాడు. "నీళ్లు మెట్ల దాకా వచ్చాయి. పిల్లల్ని మొదటి పడవలో పంపించేస్తాను. పెద్దవాళ్లు తర్వాత."

"అవతల ఎవరి పిల్లల్ని ఎవరికివ్వాలో వాళ్లకెలా తెలుస్తుంది సార్?" నస్రీన్ అడిగింది.

అతను తల దించుకున్నాడు. ఎవరి పిల్లలో, ఎక్కడున్నారో తెలిపేందుకు పిల్లల కాళ్లకు కట్టిన జాడపూసలు, సిగ్నల్ టవర్ గాలికి కూలినప్పుడే మూగబోయాయి. "నాకూ అదే భయంగా ఉందమ్మా. చంటివాళ్లు పేర్లు కూడా చెప్పలేరు. కానీ ఇక్కడ ఉంచితే ప్రాణాలకే ముప్పు."

మణిమాల భుజం మీది చీరను చూసుకుంది. ఒక్కసారైనా కట్టుకోలేదు. అంచును పళ్లతో కొరికి, సర్రున చించింది.

"అయ్యో! వద్దక్కా!"

"చూడు నస్రీన్, ఈ పగుళ్లు ఏ రెండు చోట్లా ఒకలా ఉండవు." ఆమె ఆ పేలికను అడ్డంగా రెండు చేసింది. ఒక ముక్క జోయా చేతికి, రెండోది నస్రీన్ చేతికి కట్టింది. "అవతలికి వెళ్లాక ఈ అంచులు రెండూ కలిపి చూడండి. గీతకు గీత అందితేనే మీ పిల్ల."

ధర్మతేజ ఒక్క క్షణం ఆ గీతలను చూశాడు. తర్వాత తనూ చీర రెండో కొస పట్టుకున్నాడు. తల్లులు వరుసలోకి వచ్చారు. చించుతున్నంతసేపూ మణిమాల కళ్లు తుడుచుకుంటూనే ఉంది, చేతులు మాత్రం ఆపలేదు.

అవతలి గట్టు మీద, ఒకే రంగు ముసుగుల్లో పిల్లల ముఖాలు సరిగా కనబడక, ఒక తల్లి కంగారులో ఎవరి బిడ్డనో గుండెకు హత్తుకుంది. పేలికలు కలిపితే గీతలు అందలేదు. ఆమె కుప్పకూలబోయేలోగా, పక్కనున్న మరో చంటివాడి చేతి ముక్కలో గీతలు ఆమె ముక్కలోకి కాలువల్లా సాగిపోయాయి. సాయంత్రానికి తల్లి దొరకని బిడ్డ ఒక్కరూ మిగల్లేదు.

మణిమాల ఆఖరి పడవలో వచ్చింది. గట్టు మీద ఆమెను దాటుకుంటూ అందరూ తమ తమ వాళ్ల వైపు పోతున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఆగి, ఆమె చేతులు రెండూ కళ్లకద్దుకుంది. తన పనికిరాని పని ఇందరికి అక్కరకొచ్చింది. చేతికి ఆ పని దక్కించిన దేవుడికో, పగిలిన ఆ మైనానికో తెలియదు గాని, మణిమాల మనసులో దణ్ణం పెట్టుకుంది.

శిబిరం గుమ్మంలో ఉన్న కుర్ర వలంటీరు ఆమెను ఎరగడు. "మీవాళ్లెవరమ్మా? మీ ముక్క చూపించండి. ఏ కుటుంబమో చెబితే ఆ గదికి పంపిస్తాను."

మణిమాల ఖాళీ మణికట్టు చూసుకుంది. చీరంతా పంచింది గాని, తనకంటూ ముక్క ఉంచుకోవాలని తోచలేదు. ఎవరితో జత కలపడానికి? "నాకు ఎవరూ..." అంటూండగానే వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

నస్రీన్. ఎంతసేపటి నుంచి పడవల కోసం చూస్తోందో, నిలువెల్లా తడిసిపోయింది. తన చేతి పేలిక విప్పి, నిలువునా చీల్చింది. సగం తను కట్టుకుని, సగం మణిమాల చేతికి ముడి వేసింది. జోయా తన ముక్కను తెచ్చి ఆ రెండింటికీ ఆనించింది.

నస్రీన్ వలంటీరు వైపు తిరిగింది. "చూసుకో తమ్ముడూ, గీతలు కలిశాయి. ఈవిడ మా మనిషి."