కోరుట్ల అడ్డగాలి

గాలిసంచి అబద్ధం చెప్పదని వైమానిక లోకంలో ఒక నమ్మకం ఉంది. మీటరు చెడిపోవచ్చు, మనిషి పొరబడవచ్చు. రన్‌వే పక్కన స్తంభానికి కట్టిన గుడ్డ గొట్టానికి మాత్రం గాలి ఎటు, ఎంత అన్నది చూపడం తప్ప వేరే విద్య తెలియదు.

ఆ మార్చి మధ్యాహ్నం దాకా ఏజెంట్ దివాకర్ కూడా అదే నమ్మాడు.

"నాలుగింటికి కోరుట్ల ఎయిర్‌స్ట్రిప్‌ల టర్బోప్రాప్ విమానం దిగుతది," పొద్దున ఫోన్లో చీఫ్ శ్రీనివాస్ రావు చెప్పాడు. "రాడార్ శాస్త్రవేత్త లక్ష్మీరాజం అండ్లనే ఉంటడు. దాన్ని కూల్చాలని విదేశీ ముఠా ప్లాన్. బాంబు లేదు, తుపాకి లేదు. సిరిసిల్లల ఏదో బట్ట నేయించిండ్రట. గంతే తెలుసు."

"టవర్‌ల మనోళ్లు ఎవరు సార్?"

"రజని. నువ్వు పూచీ ఇచ్చినామెనే గదా."

బట్టల సేటు వేషంలో దివాకర్ సిరిసిల్లలో ఆరు మరమగ్గాల షెడ్లు తిరిగాడు. ఏడో షెడ్డులో నేతగాడు హన్మంతు నోరు విప్పాడు.

"నారింజ రంగు గొట్టం సేటూ. అసలుది పల్సగుంటది. నాతోని మందం బట్ట నేయించి, లోపల రబ్బరు పూత పెట్టిచ్చిండ్రు. తడిసిన గొంగడంత బరువు."

"ఎవరే అన్నా?"

"నల్ల గాగుల్స్ మేడం. ఆమె అత్తరుకు మా మగ్గమే దారం తెంపుకున్నది."

వేములవాడ బస్సుల రద్దీ దాటి, చందుర్తి, మేడిపల్లి మీదుగా కారు దూసుకుపోయింది. ఎయిర్‌స్ట్రిప్ కంచె దగ్గర ఆపి తలుపు తీస్తే, గాలి దాన్ని చేతిలోంచి లాక్కుంది. జేబులోని కలం ఆకారపు గాలిమీటరు ముప్ఫైమూడు నాట్స్ చూపింది. అంటే గంటకు అరవై కిలోమీటర్లు.

ఎదురుగా నారింజ రంగు గాలిసంచి చచ్చిన పాములా వేలాడుతోంది.

దివాకర్ కారులోని థర్మాస్ అడుగు విప్పి, అందులో దాచిన రేడియో తీశాడు. రజని గొంతు తేనెలా వినిపించింది: "పైన ఎంతున్నా, కింద గాలి ఆరు నాట్సే కెప్టెన్."

పక్క నుంచి కొట్టే అడ్డగాలిలో విమానం ముక్కును గాలివైపు తిప్పుకొని ఏటవాలుగా దిగుతుంది. చక్రాలు తాకే క్షణంలోనే ముక్కును సరిచేయాలి. కింద గాలి లేదని నమ్మిన పైలట్ ముందే సరిచేస్తే, గాలి విమానాన్ని రన్‌వే బయటికి నెట్టేస్తుంది. రజనిని ఆ టవర్ కుర్చీలో కూర్చోబెట్టిన సంతకం తనది.

"కెప్టెన్, టవర్ మాట నమ్మకండి. కింద ముప్ఫైమూడు, ఎడమ నుంచి."

"ఎవరు మీరు? కోడ్ చెప్పుండ్రి." కెప్టెన్ ప్రవళికది జగిత్యాల యాస.

"మక్కగటుక."

"మక్కగటుక," వెంటనే టవర్ నుంచి రజని.

"ఇద్దరూ గదే వండితే నేనేది తినాలె? గాలిసంచి ఆమె దిక్కే ఉన్నది."

విమానం కంచెకు కిలోమీటరు దూరంలో ఉంది. దివాకర్ చుట్టూ చూశాడు. రన్‌వేకు ఎడమవైపు చేలో రైతులు కడాయిల్లో పసుపు ఉడకబెడుతున్నారు.

"నన్ను గూడ నమ్మకండి. ఎడమ దిక్కు పసుపు ఉడికే పొగ చూడండి. లేస్తుందా, పండుకున్నదా?"



"పండుకున్నది," అంది ప్రవళిక. "రన్‌వే అడ్డంగ పోతంది. ఎంతుందో తెలిసిన గాలికి దించుత. తెల్వని గాలికే భయం."

ముక్కు ఎడమకు తిరిగే ఉండగా విమానం కంచె దాటింది. ఇరవై అడుగులు. పది. చివరి క్షణంలో చుక్కాని పెడల్ తొక్కి ఆమె ముక్కును రన్‌వే గీతకు సరిచేసింది; గాలి నెట్టకుండా ఎడమ రెక్కను కిందికి వంచింది. ఎడమ చక్రం తాకింది. తర్వాత కుడిది. ఆఖరున ముక్కు చక్రం.

నల్ల గాగుల్స్ పెట్టుకొని టవర్ మెట్లు దిగుతున్న రజనికి దివాకర్ ఎదురయ్యాడు; హన్మంతు చెప్పిన అత్తరు గుప్పుమంది.

"సేటు వేషం నీకు నప్పలేదు దివాకర్," అంటూ ఆమె బేడీలకు చేతులు చాపింది.

ఆ రోజు లాగ్‌బుక్‌లో ఇలా ఉంది: నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. అడ్డగాలి ముప్ఫైమూడు నాట్స్, ఎడమ నుంచి. గాలిసంచి వేలాడుతూ ఉంది. విమానంలో అరవైఒక్క మంది. గాయాలు లేవు.