సున్నపు తేట

నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో ఉన్న ఆ ఆడపిల్లల బడిని మొదటిసారి చూసినప్పుడే ఛాయాదేవికి నవ్వొచ్చింది. అన్నీ రేకుల గదులు. ల్యాబ్ అని రాసిన చివరి గదిలో ఒక చెక్క బీరువా, రెండు స్పిరిట్ దీపాలు, మూతల్లేని సీసాలు. ఆమె ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. భర్త సైంటిస్టు. ఉప్పల్ నుంచి సిటీబస్సులో నలిగిపోతూ వచ్చి, కూలీల పిల్లలకు ఉప్పుకీ ఆమ్లానికీ తేడా చెప్పడం తన చదువుకు అవమానమని ఇంట్లో రోజూ అనేది.

హెడ్మాస్టరు గంగాధరరావును ఆమె మనిషి కిందే లెక్క వెయ్యలేదు. చేరిన రోజునే ఆయన గొంతు తగ్గించి, "వాన పడేటప్పుడు ల్యాబ్ తియ్యకండమ్మా, పిల్లలకు ఇష్టముండదు," అన్నాడు. ఎందుకని అడిగితే నేల చూపులు చూశాడు. ల్యాబ్ గుమ్మానికి ఎండిపోయిన నిమ్మకాయలు వేలాడుతున్నాయి. ఆమె వాటిని తెంపి ఆయన ఎదుటే బయటికి విసిరేసింది.

ఆ సంవత్సరం, తొంభైలో, ఆగస్టంతా ముసురు. ఒక మధ్యాహ్నం ఆఖరి పీరియడ్‌కి పదో తరగతిని ల్యాబ్‌లోకి తోలింది. కరెంటు పోయింది. దీపాలు వెలిగించారు. రేకుల మీద చినుకుల మోత. ఫ్యాక్టరీల ఘాటు వాసన తేమకు బరువెక్కి, తలుపు సందులోంచి నేలబారుగా లోపలికి పాకింది.

పిల్లలందరికీ పరీక్షనాళికల్లో సున్నపు తేట పోసి, తలా ఒక గాజు గొట్టం ఇప్పించింది.

"ఊదండి. మీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువుకు ఇది పాలలా మారుతుంది. బట్టీ పట్టారుగా, ఇప్పుడు కళ్లతో చూడండి."

గది నిండా బుడగల చప్పుడు. ఒక్కొక్క నాళికా తెల్లబడింది.

బీరువా పక్కన ఆఖరి బెంచీ మీద ఒక పిల్ల ఒంటరిగా కూర్చుని ఉంది. జడలు తడిసి ఉన్నాయి. చేతిలోని తేట తేటగానే ఉంది.

"ఊదవే."

"ఊదుతున్న టీచర్."

"పొయ్యి ఊదడం వచ్చుగా మీకు? ఇది చేతకాదా?"

ముందు బెంచీలో కూర్చునే సత్యవేణి లేచి వచ్చి, ఛాయాదేవి చెవి దగ్గర గుసగుసగా అంది.

"ఆమెను ఊదమనకున్రి టీచర్. ఆమె సారలమ్మ. పోయిన వానకాలం మురుగు మోరీ పొంగితే అండ్ల పడి సచ్చిపోయింది. వాన పడితే బడికొస్తది. సచ్చిపోయినట్టు ఆమెకు తెల్వది... మేమెవ్వరం చెప్పలే."

ఛాయాదేవి పెదవి విరిచింది. ఇంతమంది పిల్లలూ, వాళ్లకు తోడు ఓ హెడ్మాస్టరూ! ఈ మందకా తను పాఠాలు చెబుతోంది?

ఆ పిల్ల చేతిలోని నాళిక లాక్కుని తనే ఊదింది. వెంటనే తెల్లబడింది.

"చూశావా? లోపం తేటలో లేదు, నీలో ఉంది."

ఇంకో నాళికలో కొత్త తేట పోసి ఆ పిల్ల చేతికిచ్చింది. వేళ్లు తగిలాయి. చల్లగా, నానిపోయి ఉన్నాయి.

"ఊదు. నేను చూస్తాను."

బుడగల చప్పుడు ఆగిపోయింది. ఎవరో వెక్కుతున్నారు.

సారలమ్మ బుగ్గలు పూరించి ఊదింది. ఒక్క బుడగ లేదు. తన నాళిక వైపు చూసుకుంది. అందరి చేతుల్లోని తెల్లటి నాళికల వైపు చూసింది. తర్వాత మెల్లగా... వేలెత్తి తన ముక్కు కింద పెట్టుకుంది. అలాగే ఉంచింది. చాలాసేపు.

"టీచర్... నాకు ఊపిరి వస్తలేదు."

దీపాలు రెండూ ఒక్కసారే ఆరిపోయాయి. మురుగు వాసన. గుప్పున.

ఛాయాదేవి వెనక్కి జరగబోయింది. వీపుకు బీరువా తగిలింది. చీకట్లో చల్లటి తడి వేలొకటి ఆమె ముక్కు కింద ఆనింది. కదలలేదు.

"మీకు... వస్తున్నది," అంది ఆ గొంతు.

సత్యవేణే ఆమెను చెయ్యి పట్టి వరండాలోకి లాక్కొచ్చింది.

ఇంట్లో ఆమె భర్తకు ఇదేమీ చెప్పలేదు. జ్వరమని కొన్నాళ్లు పడుకుంది. పడుకున్నకొద్దీ సిగ్గేసింది. వాసనకు తల తిరిగింది, పిల్లలు ఆట పట్టించారు, అంతే అనుకుంది. ఎండ కాసిన రోజున ఇస్త్రీ చీర కట్టుకుని బడికి వెళ్లింది. వరండాలో సత్యవేణి ఎదురైంది.

"ఏమే, వస్తోందా మీ నేస్తం?" వెటకారంగా అడిగింది.

"లేదు టీచర్. ఇంక మా క్లాసుకు రాదు."

"పీడ వదిలింది."

ఇరుకు వరండా. సత్యవేణి గోడకు ఒదిగి దారిచ్చింది. ఛాయాదేవి ఆమెను దాటి నాలుగడుగులు వేసి, ఎందుకో వెనక్కి తిరిగి చూసింది.

సత్యవేణి ఇంకా గోడకు అతుక్కునే ఉంది. దేనికీ తగలకుండా లంగా కుచ్చిళ్లు దగ్గరకు పట్టుకుని, తల వంచుకుని, ఖాళీ వరండాలో టీచర్ వెనకే ఇంకొకరు దాటేదాకా ఆగింది.