కూర్మయ్య బండిని ఆపిందెవరు?

కూర్మయ్య అరుగు మీద కూర్చునే చచ్చిపోయాడు.

ఉతికిన చొక్కా. భుజాన తువ్వాలు. ఒళ్లో ఆసుపత్రి ఫైలున్న ప్లాస్టిక్ సంచి. గోడకు తల ఆనించి ఉన్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నారు ఎదురింటివాళ్లు.

పలాస నుంచి ఇన్‌స్పెక్టర్ తారకేశ్వరరావు వచ్చేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఒక్క పడవా వేటకు వెళ్లలేదు.

కూర్మయ్యకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఉద్దానంలో ఇదేం వింత కాదు, మా ఖర్మ. రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. తీసుకెళ్లి దింపడానికి ఓ ట్రస్టు వాళ్ల వ్యాను. ఆ వ్యాను వరసగా మూడుసార్లు రాలేదు. మూడోసారి ఎదురుచూస్తూనే ప్రాణం వదిలేశాడు పాపం. ఊపిరితిత్తుల నిండా నీరే అన్నాడు డాక్టర్.

"ఇది సావు కాదు బాబూ, సంపీడమే!" కూర్మయ్య భార్య రాజులమ్మ గుండెలు బాదుకుంది. "మా బావ కోడలు కిట్నవేణి ఉంది సూడు, అదే బండిని రానీకుండా సేసింది. జీడితోట కోసం!"

బావంటే గున్నయ్య, కూర్మయ్యకు అన్న. అదే జబ్బుతో ఈమధ్యే పోయాడు. ఇంకా దినాలు కూడా కాలేదు. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే. మధ్యలో ఉన్నది జీడితోట తగువు.

తారకేశ్వరరావు ముందు వ్యాను డ్రైవర్ పోలారావును పిలిచాడు.

"ఎందుకు రాలేదు?"

"ట్రిప్పు క్యాన్సిలని వొచ్చింది సార్. మూడుసార్లూ."

"ఎవరు చేశారు?"

పోలారావు ఫోన్ చూపించాడు. 'రోగి తరఫున రద్దు' అని ఉంది. కింద ఒక నంబరు. అది కృష్ణవేణిది.

"ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే నీ సొమ్మేం పోయింది?"

పోలారావు తల దించుకున్నాడు. "మైలిల్లు గదా సార్. దినాలయ్యేదాకా గడప దాటరు, ఆలే ఒద్దనీసినారు గావాల అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ రాజులమ్మ వైపు తిరిగాడు. "మరి నువ్వెందుకు అడగలేదమ్మా?"

"మైలింటోళ్లని బండెక్కించుకోరు గావాల అనుకున్నాం బాబూ. ఏ మొకం పెట్టుకుని అడుగుతాం? ఒకరి గుమ్మంలోకి ఎల్లి ఆటో తెమ్మని అడిగే రోజులా ఇవి?"

ఓరి భగవంతుడా, అనుకున్నాడు తారకేశ్వరరావు. ఇటు వీళ్లూ మైలే అనుకున్నారు, అటు వాడూ మైలే అనుకున్నాడు. నోరు విప్పి అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

కృష్ణవేణిని లోపల గదిలో కూర్చోబెట్టారు. ఇద్దరు ఆడపిల్లలు తల్లి కొంగు వదలడం లేదు.

"కూర్మయ్యకు నీ నంబరెందుకు?"

"ఈ రెండిళ్లకీ నా ఫోనొక్కటే బాబూ. మా మావకీ, సిన్నమావకీ నా నెంబరే రాయించినాం."

"బండి క్యాన్సిల్ చేశావా?"

"నేదు. నా బిడ్డల మీదొట్టు."

"తోట తగువుందిగా?"

"ఉన్నాది. తగువుంటే మడిసిని సంపీత్తామేటి?"

"ట్రస్టు వాళ్లు ఫోన్ చేస్తారా?"

"ముందునాటి సాయంత్రం సేత్తారు. మనిషి కాదు, మిసన్ మాటాడతాది. మావ పోనాక గూడా వొచ్చీది. గున్నయ్య గారూ, రేపు బండొత్తాది, వస్తున్నారా అని. ఇనలేక సచ్చిపోయీదాన్ని బాబూ."

బయట గోల పెరిగింది. దాన్ని జీపెక్కించండి అంటున్నారు. నంబరు ఆమెదే. కక్ష ఉంది. కోర్టుకు ఇంకేం కావాలి? ఇప్పుడామెను పట్టుకెళ్తే ఆ పిల్లల గతేమిటి? తారకేశ్వరరావుకు మనసొప్పలేదు.

పోలారావు దగ్గర్నుంచి ఆ ఫోన్ మళ్లీ తన చేతిలోకి తీసుకున్నాడు. మొదటి రద్దు రాత్రి ఎనిమిది గంటల సున్నా నిమిషాల సున్నా సెకన్లు. రెండోది? అదే. మూడోది? అదే.

పగబట్టిన మనిషైనా మూడుసార్లూ సెకను తేడా లేకుండా నొక్కగలదా?

మధ్యాహ్నానికల్లా పలాసలో, ట్రస్టు ఆఫీసులో ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ చూసే సౌజన్య కంప్యూటర్ తిప్పి చూపించింది. తెర మీద అన్నీ పచ్చ దీపాలే.

"మా సిస్టంలో తప్పేం లేదు సార్. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు."

"మనిషి పోయాడమ్మా."

ఆమె ముఖం పాలిపోయింది. "మొదట్లో అంతా ఒకే ప్రోగ్రాం సార్. ఎక్కడ చిన్న తేడా వచ్చినా మొత్తం ఆగిపోయేది. అందుకే పోయినేడు ముక్కలు చేశాం. మైక్రోసర్వీసులంటారు. రోగుల వివరాలు ఒకటి చూస్తుంది. ట్రిప్పులు ఒకటి. ఫోన్లు ఒకటి. దేని పని దానిదే."

"మన జీడిపప్పు ఫ్యాక్టరీలాగన్నమాట. కాల్చేవాళ్లు ఒక షెడ్డు, తొక్కు తీసేవాళ్లు ఒక షెడ్డు."

"అంతే సార్."

"సరే. గున్నయ్య పోయాడని తెలుసా?"

"రోగుల సర్వీసుకు తెలుసు. ట్రిప్పుల సర్వీసుకు ఆ కబురు చేరడం ఆలస్యమైనట్టుంది."

"అందుకే చనిపోయినవాడికి ఫోన్లు వెళ్లాయి. తర్వాత ఆగిపోయాయా?"

సౌజన్య వెతికింది. "ఆగాయి సార్. ఆ నంబరు నుంచి తొమ్మిది నొక్కారు. తొమ్మిదంటే ఇక ఫోన్ చెయ్యొద్దని."

"ఎవరికి చెయ్యొద్దని?"

సౌజన్య మళ్లీ తెర వైపు తిరిగింది.

"చెప్పమ్మా. గున్నయ్యకా, కూర్మయ్యకా?"

"ఫోన్ల సర్వీసుకు మనుషులు తెలియరు సార్. నంబరొక్కటే తెలుసు." ఆమె ఇంకో పేజీ తెరిచి చూపించింది. "ట్రిప్పుల సర్వీసు ఎనిమిది దాకా జవాబు కోసం చూస్తుంది. రాకపోతే రోగే వద్దన్నాడని రద్దు చేసేస్తుంది. ఫోనే వెళ్లలేదని దానికెవరు చెప్తారు? మేం చెప్పించలేదు."

జవాబు రాకపోతే రద్దు చేసే ఆ ఏర్పాటును అప్పటికప్పుడు పీకించాడు తారకేశ్వరరావు. ఇలా ఆగిన నంబర్లు ఇంకెన్ని ఉన్నాయో చూసి, ఒక్కో ఇంటికీ మనిషి గొంతుతో ఫోన్ చేయించాడు. ఆ తర్వాతే సౌజన్యను జీపెక్కించుకుని ఊరికి బయల్దేరాడు.

పొద్దు వాలుతుండగా రాజులమ్మ వాకిట్లో అందరినీ కూర్చోబెట్టాడు. జరిగింది మొదటి నుంచీ చెప్పాడు. ఒకే నంబరు మీద ఇద్దరు రోగులు. ఆ నంబరుకు ఫోన్లు ఆగాయి. జవాబు రాలేదని కంప్యూటర్ బండిని ఆపింది. కృష్ణవేణి కూర్మయ్య ట్రిప్పును ముట్టుకోనే లేదు. ఆమె మీద కేసు లేదు.

ఫోన్లు ఎందుకు ఆగాయో మాత్రం చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు ఆయనకు.

కృష్ణవేణి తేలిగ్గా ఊపిరి తీసుకోలేదు. ఇన్‌స్పెక్టర్ ముఖంలోకే చూస్తోంది.

"ఫోన్లు ఎలగాగినాయి బాబూ?"

"అదంతా మిషన్ల గొడవమ్మా. వదిలెయ్."

"తొమ్మిది నొక్కినాను. అందుకేనా?"

తారకేశ్వరరావు సముద్రం వైపు చూశాడు. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

ఆమె కూర్చున్నచోటే కూలబడిపోయింది. "మా మావ పేరు ఇనలేక నొక్కినాను సిన్నత్తా. సిన్నమావ ఫోను గూడా ఆగిపోద్దని తెల్దు. ఇల్లంతా సుట్టాలు. ఆయన ఫోను రావట్నేదని నాకు గురుతే నేదు. సిన్నమావని నానే సంపీసినాను!"

"నువ్వు కాదమ్మా, మేమే," అంది సౌజన్య. ఏడుస్తోంది.

"ఒక్క ఫోను సేసుంటే బతికీవోడు," పోలారావు తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

రాజులమ్మ ఎవరినీ తిట్టలేదు. ఒక్కొక్కరి వైపే చూసింది. పొద్దున్నుంచీ ఆ ముసలిదానికి ఒక శత్రువు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. చెయ్యి చాచి కృష్ణవేణి జుట్టు సవరించింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఇది కాదు. ఆ కంపూటరు గుంటా కాదు. బండోడూ కాదు. మరి నా ముసలోడిని ఎవులు సంపీసినట్టు బాబూ?"

ఇరవై ఏళ్ల సర్వీసులో ఎన్నో కేసులు తేల్చినవాడు తారకేశ్వరరావు. కేసు కాగితం తీశాడు. నిందితుడి పేరు రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది.

రాజులమ్మ ఆయన ముఖంలోకి చూస్తూనే ఉంది.