పదకొండో వార్డులో ఎందుకుమీటరు

"కదలకండి పిన్నిగారూ, తెరమీదే చూడండి," అంది డాక్టర్ సుధామయి.

పదకొండో వార్డు ఓటరు సరోజిని తలమీద వలలాంటి పల్చటి టోపీ ఉంది. ఎదురుగా తెరమీద మునిసిపల్ ఎన్నికల అభ్యర్థుల ఫోటోలు ఒక్కొక్కటే వచ్చిపోతున్నాయి. గది బయట వరండాలో కూర్చున్న కౌన్సిలర్ వాసంశెట్టి నూకరాజుకి మాత్రం పదో తరగతి ఫలితాలనాటి దడ పట్టుకుంది.

ఎందుకు ఓటేశావంటే మనిషి నోరు ఒకటి చెబుతుంది, మెదడు చేసేది మరొకటి. 2047లో సుధామయి కనిపెట్టిన డెసిషన్ ట్రేసర్ నోటిని అసలు పట్టించుకోదు. అభ్యర్థి ఫోటో చూడగానే మెదడులో ముందుగా వెలిగే జ్ఞాపకాన్ని సెన్సర్లు పట్టుకుంటే, కంప్యూటర్ దాన్ని ఒక వాక్యంగా రాసి పెడుతుంది. ఓటరు పేరు ఎక్కడా ఉండదు. గోదావరి ఒడ్డునున్న నేరేడులంకలో అంత పెద్ద ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగక, దాన్ని ఎందుకుమీటరు అన్నారు.

దాన్ని తన వార్డుకి పట్టుబట్టి రప్పించినవాడు నూకరాజే. మూడుసార్లు గెలిచాడు. వార్డు పొడుగునా సిమెంటు డ్రైన్లు వేయించాడు. ఆ డ్రైన్ల మీద ఆయనకున్న ప్రేమ ఇంతా అంతా కాదు, చుట్టాలొస్తే కాఫీకంటే ముందు వాటినే చూపించేవాడు. జనం వాటిని చూసే తనకి ఓటేస్తున్నారని యంత్రం చెబితే చాలు, జన్మ ధన్యం అనుకున్నాడు.

సాయంత్రం సుధామయి కాగితం తెచ్చింది.

"డ్రైన్లు ఎంతమందమ్మా?"

"వందలో ముగ్గురండి."

"మరి మిగతావాళ్ళు?"

ఆవిడ కాస్త నసిగింది. "డెబ్బై ఒక్కమందికి ఒకటే జ్ఞాపకమండి. పెళ్ళి పంక్తిలో మీరు మజ్జిగపులుసు బకెట్టు పట్టుకుని, వద్దన్నా వినకుండా ఇంకో గరిటె వెయ్యడం."

అది నిజమే. ఆ వార్డులో ఏ పెళ్ళి జరిగినా నూకరాజు పైపంచె నడుముకి బిగించి వడ్డనలోకి దిగాల్సిందే. కొసరి కొసరి వడ్డిస్తేగానీ ఆయనకి తిండి సయించదు. దాంట్లో రాజకీయం ఆవగింజంతైనా లేదు. అందుకే ఆయనకి అంత మంట పుట్టింది.

"అంటే మూడుసార్లు నేను గెలిచింది మజ్జిగపులుసుతోనా!" అన్నాడు.

మర్నాడే రచ్చకెక్కాడు. మార్కెట్ సెంటర్లో మైకు పట్టుకుని, "నా గరిటె మర్చిపోండర్రా! మీకు నామీద ఏమాత్రం గౌరవమున్నా, వెళ్ళి నా డ్రైన్లు చూడండి. అవి చూసి మరీ ఓటెయ్యండి!" అన్నాడు.

పదిహేనేళ్ళలో మొదటిసారి జనం డ్రైన్లలోకి తొంగిచూశారు. సరోజిని ఇంకో అడుగు ముందుకేసి, బిందెడు నీళ్ళలో పసుపు కలిపి తన గుమ్మం ముందు డ్రైన్లో కుమ్మరించింది. కాలవవైపు పోవాల్సిన పసుపునీళ్ళు కాసేపు తటపటాయించి, తాపీగా వెనక్కి తిరిగి బడివైపు నడిచాయి. వీధంతా మూగింది. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు పసుపు కలిపారు, ప్రతి వీధిలోనూ నీళ్ళు బడికే వెళ్ళాయి.

"బాబాయ్, వాలు తిరగబడిందేంటి?" అని సరోజిని అడిగితే నూకరాజు పసుపునీళ్ళ వెంటే బడిదాకా నడిచాడు. వానాకాలం బడి ఎందుకు మునుగుతోందో ఆయనకీ అప్పుడే అర్థమైంది.

ఎదురు అభ్యర్థి గుబ్బల సత్యవేణి, పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వాలు ఎలా సరిచెయ్యాలో బొమ్మ గీసి ఇంటింటికీ పంచింది. ఆవిడ బొమ్మల్ని అందరికంటే శ్రద్ధగా చదివినవాడు నూకరాజే. లెక్క సరిగ్గానే ఉందని ఆయన మనసు ఒప్పుకుంది.

ఎన్నికల్లో ఆయన రెండొందల పైచిలుకు ఓట్లతో ఓడిపోయాడు.

వారం తిరక్కుండా సుధామయి మళ్ళీ వచ్చి, మళ్ళీ వందమందికి టోపీ పెట్టింది. ఈసారి ఆవిడ మొహం వెలిగిపోతోంది. చరిత్రలో మొదటిసారి ఒక వార్డు మొత్తం పనితీరు చూసి ఓటేసిందని పరిశోధన పేపర్ రాయాలని ఉబలాటపడుతోంది. తీరా ఫలితాలు చూసి, కాగితం పట్టుకుని నూకరాజు ఇంటికి నడిచింది.

"డ్రైన్లేనా?" అన్నాడాయన.

"డ్రైన్లు పదకొండుమందేనండి. సత్యవేణి గారికి ఓటేసినవాళ్ళలో చాలామందికి వచ్చిన వాక్యం ఇది, మీరే చదవండి."

నూకరాజు కళ్ళజోడు సర్దుకున్నాడు. కాగితం మీద ఇలా ఉంది: 'అంత పెద్దాయన నోరు తెరిచి అడిగాడు, డ్రైన్లు చూసి ఓటెయ్యమని. ఆయన మాట ఎలా తీసేస్తాం?'

చదివి పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. గెలిచిన రోజున కూడా ఆయనకి ఇంత హాయిగా అనిపించలేదు.

"చెత్త రోడ్డుమీద పోయొద్దని పదిహేనేళ్ళు మొత్తుకున్నానమ్మా, ఒక్కడూ విన్లేదు," అన్నాడు. "నన్ను ఓడించడానికి మాత్రం అందరూ నా మాటే విన్నారు!"