మెడ మీద వంకర గీతలు

"మస్ జత్మికో, మీరు లోపలికి రావడానికి లేదు."

మర్యాదగా 'మస్' అని పిలిచి ఆపిన ఆ గొంతుకి, మోటార్ సైకిల్‌కి స్టాండు వేస్తున్న జత్మికో అలాగే ఆగిపోయాడు. సోలో ఊరి లవెయన్ సందులో, మర్యాతి అమ్మగారి బాతిక్ ఇంటి, అంటే గుడ్డల మీద మైనంతో గీసి రంగులు ముంచే ఇంటి, గేటు ముందు, జ్వరం చూసే తుపాకీ పట్టుకుని ఓ కొత్తమ్మాయి నిలబడి ఉంది. పేరు వెనింగ్. మైనం గీసే పనిలో చేరి వారం కూడా కాలేదు. పొద్దున్నే అందరి నుదుటికీ తుపాకీ గురిపెట్టి తిట్లు తినడానికి ఎవరూ ఒప్పుకోకపోతే, అమ్మగారు ఆ పని తెచ్చి ఈ అమ్మాయి నెత్తిన పెట్టారు.

"ఎంత చూపించింది?" అన్నాడు జత్మికో.

"ముప్పై ఆరున్నర. జ్వరం లేదు."

"మరింకేం?"

"తుపాకీ మీ నుదురు చూసింది. నేను మీ మెడ చూశాను."

అతను గబగబా కాలర్ పైకి లాక్కున్నాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. మెడ వెనక ఎర్రటి గీతలు ఆరేడు కనబడనే కనబడ్డాయి.

సోలో ఊళ్ళో జలుబు చేసినా, తల నొప్పి పుట్టినా, కడుపు ఉబ్బరించినా జనం చెప్పే మాట ఒకటే: ఒంట్లోకి గాలి దూరింది. మందు కూడా ఒకటే. తైలం రాసి, నాణెం అంచుతో ఎర్రగా గీతలు తేలేదాకా వీపూ మెడా గీకి, వేడివేడి అల్లం కషాయం తాగి పడుకోవాలి. మర్నాడు లేచి పనిలోకి వెళ్ళిపోవాలి. తాతలు అదే చేశారు. జత్మికో కూడా రాత్రి అదే చేశాడు.

"వానలో తడిశాను, గాలి దూరింది. అంతే."

"అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. పరీక్ష చేయించుకుని రండి." వెనింగ్ తల పక్కకి తిప్పుకుని, అనాలో వద్దో అన్నట్టు మరో మాట అంది. "గీతలు కూడా వంకరటింకరగా ఉన్నాయి. ఇంట్లో గీకేవాళ్ళెవరూ లేరా?"

వెనక వరసలో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. జత్మికో మోటార్ సైకిల్ వెనక్కి తిప్పాడు. ఇంట్లో గీకేవాళ్ళు లేని మాట నిజమే. తల్లీ తండ్రీ వొనొగిరి పల్లెలో ఉన్నారు. అతనుండేది అద్దెగదిలో, ఒక్కడే. చెయ్యి ఎంతవరకు అందితే గీత అంతవరకే పడుతుంది.

మూడోనాడు ఏమీ లేదని రాసి ఉన్న పరీక్ష కాగితం తెచ్చి ఆమె కళ్ళ ముందు పెట్టాడు. "చూశారా? గాలే."

ఆమె దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివి, మడిచి తిరిగిచ్చింది. "చాలా సంతోషం" అంది. నిజంగానే ఆ కళ్ళలో సంతోషం ఉంది. అదే అతనికి చిక్కయింది. ఎవరితోనైనా పోట్లాడదామని వెళ్తే, వాళ్ళు మనకేమీ కాలేదని సంబరపడితే, తెచ్చుకున్న పోట్లాటని ఏం చేసుకోవాలి? దాన్ని రంగుతొట్టి దాకా మోసుకెళ్ళాడు. సాయంత్రానికి పోట్లాట కరిగిపోయింది, ఆ కళ్ళు మాత్రం మిగిలాయి.

అప్పట్నించీ రంగులు వేసే జత్మికోకి మైనం గదిలో ఏదో ఒక పని తగులుతూనే ఉంది. ఆ గదిలో చిన్న పొయ్యి మీద మూకుడు, మూకుట్లో కరిగిన మైనం, దాని చుట్టూ మోకాలికి మోకాలు తగిలేలా నలుగురు ఆడవాళ్ళు. రాగి ముక్కున్న మైనం కలాన్ని మూకుట్లో ముంచాలి, ముక్కులో మైనం గడ్డకట్టకుండా ఉఫ్ మని ఊదాలి, అప్పుడు గుడ్డ మీద గీయాలి. ప్రతి గీతకీ ఒక ఊదు. మాస్కు ఉంటే ఊదలేరు గనక అందరి మాస్కులూ గడ్డాల కిందే వేలాడేవి. కరోనా వచ్చాక కూడా ఆ గది మారలేదు. ఒక్కో పొయ్యి ఒక్కొక్కరికి ఇస్తే బాగుండునని వెనింగ్ రెండుసార్లు అడిగింది. చూద్దామన్నారు అమ్మగారు.

ఆ నలుగురిలో పెద్దది తుకినెమ్ అవ్వ. డెబ్బై రెండేళ్ళు, చక్కెర జబ్బు. మొదటి గీతకి ముందు కళ్ళు మూసుకుని దేవుడి పేరు తలుచుకోందే కలం ఎత్తదు. పక్కన వెనింగ్‌ని కూర్చోబెట్టుకుని పని నేర్పింది. నేర్పుతూనే గడప వైపు చూసి, "రంగులవాడా, నీ తొట్టి ఆ మూలన ఉంది నాయనా. దారి తప్పావా?" అనేది. వెనింగ్ తల ఎత్తేది కాదు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

జనవరి అక్కడ వానాకాలం. ఆ వానల్లో అమ్మగారికి సెమరాంగ్ పట్నం నుంచి ఒక పెళ్ళి గుడ్డ పని వచ్చింది. పెళ్ళికూతురు పాత నమూనాలు చూసి చూసి పక్కన పెట్టి, వెనింగ్ కాగితం మీద సరదాకి గీసుకున్నదాన్ని పట్టుకుంది. ధాన్యపు కంకులు, వాటి మధ్య వాన చినుకులు. అమ్మగారు వెనింగ్‌ని పిలిచి, ఈ గుడ్డ మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా నువ్వే పూర్తి చేస్తే అంచు మూల నీ పేరు రాయిస్తాను, నమూనాలు గీసే బల్ల దగ్గర కూర్చోబెడతాను అన్నారు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు గీసిన తుకినెమ్ అవ్వ పేరు ఏ గుడ్డ మీదా లేదు. మైనం గీతలో ఇంకొకరి చెయ్యి పడిందా, మూల ఖాళీయే. అది ఆ ఇంటి పద్ధతి.

గురువారానికి మైనం పూర్తవ్వాలి. శుక్ర, శనివారాలు జత్మికో రంగు. ఆదివారం పెళ్ళివారు చూడ్డానికి వస్తారు. బుధవారం సాయంత్రానికి ఒక మూరెడు చినుకులు మాత్రం మిగిలాయి.

గురువారం పొద్దున జత్మికో వచ్చేసరికి వెనింగ్ గేటు దగ్గర లేదు. సందుకి అవతలి గోడవారన గొడుగు వేసుకుని నిలబడి ఉంది. వాన సన్నగా, విసుగు లేకుండా పడుతోంది. అతను దాటబోతే చెయ్యెత్తి ఆపింది.

"అక్కడే ఉండండి. నాకు తెల్లవారినప్పటి నుంచి గొంతు గీరుతోంది."

"జ్వరం?"

"లేదు. రెండుసార్లు చూసుకున్నాను. దగ్గూ లేదు. అమ్మగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మీరు చెప్పండి, నేను రావడం లేదని."

జత్మికోకి ఆ మూరెడు గుడ్డ కళ్ళ ముందు మెదిలింది. తర్వాత అతను అన్న మాటకి చాలా రోజులు సిగ్గుపడ్డాడు. "అది గాలే, వెనింగ్. ఈ వానకి ఎవరి గొంతు గీరదు? కషాయం తాగి రా. సగం రోజు పని. ఎవరికీ తెలియదు."

ఆమె గొడుగు కొంచెం పైకెత్తి చూసింది. "ఆ రోజు మీ మెడ చూసి నేనేమన్నాను?"

"అన్నావు. చివరికి అది గాలే అయింది. నువ్వే పొరబడ్డావు."

"పొరబడ్డాను. ఈ రోజు కూడా నేను పొరబడాలనే పొద్దున నమాజులో అల్లాని అడిగాను. కానీ పొరబడ్డానో లేదో రేపో ఎల్లుండో గాని తెలియదు. అవ్వ ఈ రోజే నా పక్కన కూర్చుంటుంది."

గొడుగు తిరిగి సందు మలుపులో మాయమైంది. ఆమె ఏడుస్తోందో లేదో వానలో తెలియలేదు. జత్మికో తడుస్తూ నిలబడ్డాడు. మన ప్రాణాలు దేవుడి చేతిలో ఉన్నాయని చెప్పి పనిలోకి వచ్చినవాళ్ళని అతను ఈ ఏడాదంతా చూశాడు. వాళ్ళది నమ్మకం కాదని అనలేడు. ఇదే మాట దేవుడికి చెప్పుకుని ఇంటికి వెళ్ళిపోయిన మనిషిని ఇప్పుడే చూశాడు. ఎవరి నమ్మకం పెద్దదో తేల్చడం రంగులవాడి వల్ల అయ్యే పని కాదు. ఆ మలుపు వైపు చూస్తుంటే మాత్రం చెప్పులు విడిచి నిలబడాలనిపించింది.

లోపల అమ్మగారు తల పట్టుకున్నారు. మిగిలింది అవ్వని పూర్తి చెయ్యమన్నారు. అవ్వ కలం కింద పెట్టేసింది. "నా కోసం ఇంట్లో కూర్చున్న పిల్ల గుడ్డ మీద నా చుక్క పడదమ్మా. కావాలంటే పని మానేస్తాను."

అప్పుడు జత్మికో, గుడ్డని ఆమె దగ్గరికే తీసుకెళ్తానన్నాడు. ఆ గుడ్డ తిరిగొస్తే ఎవరు ముట్టుకుంటారని అమ్మగారు అడిగారు.

"నేను. చేతులకి తొడుగులు ఎలాగూ ఉంటాయి. ముందు నా తొట్టిలో మునుగుతుంది, తర్వాత మైనం వదలడానికి గుండిగలో మరుగుతుంది. మరిగే నీళ్ళలోంచి బతికొచ్చే పురుగు ఉంటే దానికి కూడా మనింట్లో పని ఇద్దాం అమ్మగారూ."

అమ్మగారికి నవ్వు రాలేదు గానీ తల ఊపారు.

పొయ్యి, మూకుడు, వెదురు దండెం, మైనం గడ్డ, ప్లాస్టిక్‌లో చుట్టిన గుడ్డ, అన్నీ మోటార్ సైకిల్ మీద కట్టుకుని జత్మికో వానలో బయల్దేరాడు. దారిలో చూసినవాళ్ళు కాపురం మారుస్తున్నావా అని అడిగారు. వెనింగ్ ఇంటి అరుగు మీద అన్నీ పెట్టి, వెనక్కి నడిచి, వాకిలికి అవతల కట్టెల కొట్టం చూరు కింద నిలబడి గట్టిగా పిలిచాడు.

ఆమె తలుపు తీసి ఆ పొయ్యిని చూసింది, అతన్ని చూసింది. కూర్చుని అగ్గి వెలిగించింది.

మధ్యాహ్నం దాకా ఆమె చినుకులు గీస్తూ, అతను చినుకులు చూస్తూ ఉండిపోయారు. మధ్యలో వాకిలంత దూరం ఉంది కాబట్టి ప్రతి మాటా అరిచే చెప్పాల్సి వచ్చింది. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళకి జత్మికో ఊరు, వయసు, పులియబెట్టిన సోయా ముద్ద టెంపేతో వేపుడు వండటం వచ్చని, ఇంకా పెళ్ళి కాలేదని తెలిసిపోయాయి. ఆఖరి ముక్క అడగకుండానే చెప్పావేమయ్యా అని వెనింగ్ తల్లి వంటింటి కిటికీలోంచి అడిగింది.

చివరి వరసలో వెనింగ్ కలం ఆపింది. మూకుడు మీదికి వంగి, మళ్ళీ వంగింది.

"మస్, మీకు మైనం వాసన వస్తోందా?"

"ఇక్కడిదాకా వస్తోంది. ఘాటుగా."

"నాకు రావడం లేదు" అంది.

వంటింటి కిటికీలోంచి తల్లి తల బయటికి పెట్టింది. వెనింగ్ కలం ముంచి, ఊది, మిగిలిన ఏడు చినుకులూ గీసింది.

గుడ్డతో తిరిగొచ్చాక జత్మికో మైనం గది గడప తొక్కలేదు. తిన్నగా రంగుల కొట్టానికి వెళ్ళి గుడ్డ పరిచాడు. అమ్మగారు వాకిట్లోంచే చూశారు. అంతా పూర్తయింది, మూల మాత్రం ఖాళీగా ఉంది.

"పేరు రాసుకోలేదేం?"

"మీరు చెప్పకుండా రాయనందండీ."

అమ్మగారు కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "రాయించు. ఎవరు రాస్తారు మరి? ఎవరూ ముట్టుకోరుగా."

అలా జత్మికో పుట్టాక మొదటిసారి మైనం కలం పట్టాడు. తుకినెమ్ అవ్వ అవతలి వసారాలో పీట వేసుకుని అక్కణ్ణించి కేకలు పెట్టింది. "ముందు ఊదు, తర్వాత గీయి. భయపడుతూ ఆగావంటే మైనం గడ్డకడుతుంది. ఊదు నాయనా." వాళ్ళు రాసే రోమన్ లిపిలో వెనింగ్ పేరుకి అక్షరాలు ఆరు. ఆరూ ఆరు దిక్కులకి వంగాయి.

శనివారం ఆరోగ్య కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. వెనింగ్‌కి కరోనా. పొయ్యి చుట్టూ కూర్చున్న ముగ్గురికీ, జత్మికోకీ పరీక్షలు చేశారు. ఎవరికీ లేదు. గొంతు గీరడం మొదలైన రోజే పక్కవాళ్ళకి ఎక్కువ ప్రమాదం, ఆ రోజు ఆగిపోవడం మంచిదైందని నర్సు చెప్పింది. అవ్వ ఆ మాట విని చాలాసేపు తన కలం ముక్కునే చూస్తూ కూర్చుంది. అమ్మగారు మాత్రం ఆ మధ్యాహ్నమే బజారుకి వెళ్ళి మూడు పొయ్యిలు కొనుక్కొచ్చారు.

ఆదివారం పెళ్ళివారికి ఏదీ దాచకుండా చెప్పేశారు. ఒకావిడ చేతిలోని అంచు వదిలేసింది. పెళ్ళికూతురి నానమ్మ వంగి దాన్ని అందుకుని చెంపకి ఆనించుకుంది. "మరిగిన నీళ్ళలోంచి వచ్చింది, మనకంటే శుభ్రం. ఇలాంటి పిల్ల గీసిందే నా మనవరాలు కట్టుకోవాలి" అంది. పెళ్ళి ముందురోజు వచ్చి తీసుకెళ్తామని గుడ్డని అక్కడే ఉంచారు.

మూడో వారం సోమవారం వెనింగ్ గేటు దగ్గరికి వచ్చింది. కొంచెం చిక్కింది. తుపాకీ ఈసారి జత్మికో చేతిలో ఉంది. నుదుటికి గురిపెట్టి, అంకె చూసి, అంతటితో ఊరుకోకుండా మెడ చూపించమన్నాడు. ఆమె నవ్వుతూ ముసుగు సర్దుకుని లోపలికి నడిచింది.

దండెం మీద వేలాడుతున్న పెళ్ళి గుడ్డ దగ్గర ఆగింది. కంకులు చూసుకుంది, చినుకులు చూసుకుంది, మూలకి వచ్చింది.

"ఇది ఎవరు రాశారు?"

"అమ్మగారు రాయించారు" అన్నాడు జత్మికో.

"ఎవరి చేత? ఈ వంకర నేనెరుగుదును. ఒకరి మెడ మీద చూశాను."

అతని చేతిలో తుపాకీ అనవసరంగా రెండుసార్లు కూత పెట్టింది. "ఒక్కణ్ణీ గీసుకుంటే అలాగే వస్తాయి. వీపు దాకా చెయ్యి అందదు. ఎవరైనా..." అని ఆగిపోయాడు.

గదిలోంచి, తన కొత్త పొయ్యి వెనకనుంచి, తుకినెమ్ అవ్వ తల ఎత్తకుండానే అంది. "ఆగావంటే గడ్డకడుతుంది. ఊదు నాయనా."

జత్మికో గాలి పీల్చుకున్నాడు. "ఇకమీదట నాకు గాలి దూరితే నువ్వు గీకుతావా, వెనింగ్?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వేలితో మూలనున్న ఆరు అక్షరాలనీ ఒక్కొక్కటే తడిమింది.

"శుక్రవారం నమాజు అయ్యాక నేను వీళ్ళమ్మ దగ్గరికి వెళ్తాను. మిఠాయి పొట్లం ఎవరు మోస్తారో చూసుకోండి" అంది అవ్వ.

"గీకుతాను" అంది వెనింగ్. "తిన్నగానే గీకుతాను. కానీ గీకిన మర్నాడు ఈ గేటు దాటనివ్వను. అందుకు ఒప్పుకుంటేనే."

"ఒప్పుకున్నాను" అన్నాడు జత్మికో, కాలర్ సర్దుకుంటూ.